బస్తా మీద అంకె, కార్డులో మాట: సాగులో రోజూ వినే పదాల వెనుక లెక్కలు

పోయిన వేసవిలో మా బాబాయి భూసార పరీక్ష కార్డు నా చేతిలో పెట్టి, "నత్రజని 240 కిలోలు ఉందంట చూడరా. పొలంలోనే అంత ఉంటే మళ్లీ యూరియా బస్తాలు మోయడం ఎందుకు?" అన్నాడు. నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్న మనిషి. ఆకు రంగు చూసి పైరుకు ఏం తక్కువైందో చెప్పేస్తాడు. అలాంటాయన కూడా ఆ కాగితం దగ్గర ఆగిపోయాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. 240 పక్కన చిన్న అక్షరాల్లో "కిలోలు/హెక్టారు" అని ఉంది, ఆ పక్కన "తక్కువ" అని ఉంది. 240 కిలోలు తక్కువ ఎలా అవుతుందో మాత్రం ఎక్కడా రాసి లేదు.

విత్తనం ప్యాకెట్, ఎరువు బస్తా, మందు డబ్బా, కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు... ఏడాది పొడవునా రైతు ఇలాంటి అంకెల మధ్యే తిరుగుతాడు. వీటిలో చాలావాటి పేర్లు అందరికీ తెలుసు. పేరు తెలిసినా లెక్క దగ్గరే దెబ్బతింటున్నాం. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం రెండు ప్రశ్నలు అడగకపోవడం వల్ల జరిగినవే. ఈ అంకె దేనిలో భాగం? ఎంత నేలకు, ఎంత నీటికి చెప్పిన లెక్క? ఈ రెండూ చేత పట్టుకుని దుక్కి నుంచి ధాన్యం అమ్మకం దాకా వరసగా చూద్దాం.

భూసార కార్డు

ముందు హెక్టారు సంగతి తేల్చుకోవాలి. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. నోటి లెక్కకు రెండున్నర అనుకుంటే చాలు. ఎకరం అంటే ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. రెండూ 4,840 చదరపు గజాలే కాబట్టి గుంట అంటే రెండున్నర సెంట్లు. శాస్త్రవేత్తలు రాసేది హెక్టార్లలో, మనం దున్నేది ఎకరాల్లో. కార్డులోని 240ని ఎకరానికి దించితే 97 కిలోలే వస్తుంది.

ఆ 97 కిలోలు కూడా పైరు కోసం సిద్ధంగా ఉన్న సరుకు అనుకోకూడదు. ల్యాబులో మట్టిని ఒక రసాయనంతో వేడి చేసి, ఎంత నత్రజని బయటికి వస్తుందో కొలుస్తారు. దాన్నే "లభ్య నత్రజని" అంటారు. హెక్టారుకు 280 కిలోల లోపు వస్తే తక్కువ, 280 నుంచి 560 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ. జ్వరం కొలిచే థర్మామీటరు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మీ నేల యూరియాకు ఎంత స్పందిస్తుందో చెప్పే గుర్తు. "తక్కువ" అని వస్తే మామూలు సిఫారసు కంటే కొంత పెంచాలి, "ఎక్కువ" అని వస్తే తగ్గించాలి. బాబాయి ఆపేద్దామనుకున్న యూరియాను నిజానికి కొంచెం పెంచాల్సి ఉంది. భాస్వరం దగ్గర కథ తిరగబడుతుంది. ఏళ్ల తరబడి డీఏపీ అనే భాస్వరం ఎరువు వేసిన పొలాల్లో భాస్వరం "ఎక్కువ" అని రావడం మామూలే. అక్కడ బస్తా తగ్గించుకోవచ్చని కార్డు చెబుతుంటే మనం ఆ గడి చూడకుండానే కార్డు మడిచి పెట్టేస్తాం.

2015లో మొదలైన ఈ కార్డు పథకంలో మొత్తం 12 అంశాలు చూస్తారు. వాటిలో పీహెచ్, ఈసీ అనే రెండింటి మీద కాస్త ఆగాలి, ఎందుకంటే చౌడు నేల బాగుపడటం, పడకపోవడం ఈ రెండు అంకెల మీదే ఉంది.

పీహెచ్‌లో 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఈ అంకె ఒక్కో మెట్టుకు పదింతలు మారుతుంది. 7.5 నుంచి 8.5కి వెళ్లిందంటే క్షార గుణం పది రెట్లు పెరిగినట్టు. "ఒక పాయింటే కదా" అనుకోవడానికి లేదు. ఈసీ అంటే మట్టి కలిపిన నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే కొలత. ఉప్పులు ఎక్కువైతే కరెంటు ఎక్కువ పారుతుంది.

ఇప్పుడు మన పెద్దవాళ్ల మాటలు గుర్తు చేసుకోండి: పాలచౌడు, కారుచౌడు. ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. ఎండాకాలంలో నేల మీద తెల్లటి పొర కడుతుంది. పీహెచ్ 8.5 దాటి, సోడియం మట్టి రేణువులకు అంటుకుని ఉంటే కారుచౌడు. తడిస్తే జిగురు, ఆరితే రాయి. నీళ్లు ఇంకక పైనే నిలబడతాయి. ఏ ల్యాబూ లేని రోజుల్లోనే ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టిన మన రైతుల చూపు ఎంత గట్టిదో! వైద్యం కూడా వేర్వేరే. జిప్సం పనిచేసేది కారుచౌడు మీద. అందులోని కాల్షియం సోడియంను పక్కకు నెడుతుంది, ఆ సోడియం నీళ్లతో పాటు కిందికి దిగిపోవాలి. పాలచౌడుకు జిప్సం దండగ. మంచి నీళ్లు నిలగట్టి, మురుగు కాలువ తీసి, ఉప్పులను కడిగేయడమే దారి. మురుగు పోయే దారి లేకపోతే రెండు చౌళ్లూ మళ్లీ పైకి తేలతాయి.

సేంద్రియ కర్బనం, అంటే గడ్డి, ఆకు, పశువుల ఎరువు కుళ్లాక నేలలో మిగిలే కర్బనం, 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అంటారు. అర శాతం అంటే ఏదో చిన్న సంగతిలా వినిపిస్తుంది. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో 0.1 శాతం పెరగాలంటే కుళ్లి పోయినదంతా పోగా 900 కిలోల కర్బనం నేలలో మిగలాలి. ఒక్క ఏడాది రెండు ట్రక్కుల పశువుల ఎరువు తోలి "కార్డులో ఏం మారలేదు" అని నిరాశ పడేవాళ్లకు ఈ లెక్క తెలిస్తే బాగుంటుంది. పచ్చిరొట్ట, గడ్డి కలియదున్నడం, పశువుల ఎరువు ఏళ్ల తరబడి సాగాల్సిన పని.

ఇంకొక్క మాట. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీసిన మట్టితో చేసిన పరీక్ష మీ పొలం గురించి ఏమీ చెప్పదు. వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, పొలంలో పది చోట్ల పక్కల నుంచి మట్టి గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి.

విత్తనం

"ఏం రకం వేశావ్?" అని అడిగితే "టెన్ టెన్" అనో "బీపీటీ" అనో చెబుతాం. ఆ అక్షరాలు ఊరి పేర్లు. ఎంటీయూ అంటే మారుటేరు, బీపీటీ అంటే బాపట్ల, ఎన్ఎల్ఆర్ నెల్లూరు, జేజీఎల్ జగిత్యాల, డబ్ల్యూజీఎల్ వరంగల్, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్, కేఎన్ఎం కూనారం. ఆ ఊళ్లలోని పరిశోధన స్థానాల్లో పుట్టిన రకాలు అవి. పక్కన ఉన్న అంకె ఆ కేంద్రం తన లెక్క కోసం ఇచ్చుకున్న సంఖ్య మాత్రమే. పెద్ద అంకె ఉంటే దిగుబడి ఎక్కువ అనో, కొత్తది అనో అనుకోనక్కర్లేదు. సాంబ మసూరి అని పిలిచే బీపీటీ 5204కి సుమారు 150 రోజులు పడుతుంది. కాటన్‌దొర సన్నాలు అనే ఎంటీయూ 1010 సుమారు 120 రోజుల్లో, తెలంగాణ సోనా అనే ఆర్ఎన్ఆర్ 15048 సుమారు 125 రోజుల్లో చేతికొస్తాయి. వానలు ఆలస్యమై నాట్లు వెనక్కి పోయినప్పుడు అందరూ వేశారని 150 రోజుల రకమే వేస్తే ఈనే సమయానికి చలి ముంచుకొస్తుంది, తాలు పెరుగుతుంది. అందుకే రకం పేరు కంటే దాని పంట కాలం ముందు అడగండి.

సంచికి కుట్టిన ట్యాగు రంగు చాలామంది పట్టించుకోరు. బంగారు పసుపు రంగుది బ్రీడరు విత్తనం, అంటే శాస్త్రవేత్త చేతి కింద పెరిగినది. దాన్నుంచి వచ్చిన మూల విత్తనానికి తెల్ల ట్యాగు. ధ్రువీకరణ విత్తనానికి నీలం ట్యాగు. ఆకుపచ్చ లేబుల్ ఉంటే "ట్రూత్‌ఫుల్" విత్తనం. నీలానికీ ఆకుపచ్చకీ తేడా నాణ్యతలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు తేడా పూచీ ఎవరిది అన్నదాంట్లో ఉంది. నీలం ట్యాగు ఉంటే విత్తన ధ్రువీకరణ సంస్థ పొలానికి వచ్చి చూసి, పరీక్షించి సంతకం పెట్టింది. ఆకుపచ్చలో అమ్మే కంపెనీయే "ఇందులో ఉన్నది ఇది" అని తన మాట తాను చెబుతోంది. ఆ మాట నిజం కావచ్చు, చాలా హైబ్రిడ్లు ఇలాగే అమ్ముతారు. కాకపోతే తేడా వస్తే కంపెనీని నిలదీయడానికి మీ చేతిలో ఉండేది లాట్ నంబరు రాసిన బిల్లు, ఖాళీ ప్యాకెట్టే. పంట ఇంటికొచ్చేదాకా ఆ రెండూ పారేయకండి.

మొలక శాతం వరికి కనీసం 80 ఉండాలి. భౌతిక స్వచ్ఛత 98 ఉండాలి. ఈ రెండో మాటే మోసం చేస్తుంది. భౌతిక స్వచ్ఛత అంటే సంచిలో మట్టి, తాలు, కలుపు గింజలు, చెత్త లేకుండా ఉన్న అసలు గింజల శాతం. ఆ గింజలన్నీ ఒకే రకానివా అన్నది జన్యు స్వచ్ఛత. గింజ చూసి అది తెలియదు, పొలంలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, లేచినప్పుడే తెలుస్తుంది. మొలక శాతాన్ని మాత్రం ఇంట్లోనే చూసుకోవచ్చు. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనె గుడ్డలో చుట్టి, ఆరనీయకుండా ఉంచి, మొలకలు లెక్కపెట్టండి. అరవై లేస్తే దుకాణదారు దగ్గరికి నారు పోయకముందే వెళ్లొచ్చు.

హైబ్రిడ్ గింజను దాచుకుని మళ్లీ ఎందుకు వేయకూడదని అడుగుతుంటారు. రెండు వేర్వేరు తల్లిదండ్రుల సంకరం వల్ల మొదటి తరంలో ఆ జోరు వస్తుంది. దాని గింజలు వేస్తే రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు, ఒకటి వెనక. సాంబ మసూరి లాంటి సూటి రకాలకు ఈ బాధ లేదు, కేళీలు తీసుకుంటూ రెండు మూడేళ్లు సొంత విత్తనం వాడుకోవచ్చు.

పత్తిలో బీటీ అనే మాటకు "పురుగు పట్టదు" అనే అర్థం స్థిరపడిపోయింది. బీటీ అనేది మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా పేరులోని అక్షరాలు. దాని జన్యువు పెట్టిన మొక్కను కాయతొలుచు పురుగులు తింటే చస్తాయి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక మీద దానికి ఏ పట్టూ లేదు, మొదటి నుంచీ లేదు. గులాబీ రంగు పురుగు ఇప్పుడు తట్టుకునే శక్తి తెచ్చుకుంది కాబట్టి దాని విషయంలో బీటీని నమ్ముకుని కూర్చోవడం కుదరదు.

ఎరువు బస్తా

డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. మూడు అంకెలూ వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 20-20-0-13 లాంటి నాలుగో అంకె ఉంటే అది గంధకం. మనం "ఇరవై ఇరవై", "ఇరవై ఎనిమిది" అని అడిగి తెచ్చుకునేది ఈ అంకెలతోనే. 18, 46 కలిపితే 64, మరి మిగిలిన 36 శాతం ఏమిటి, ఇసుకా అని ఒక కుర్ర రైతు నన్ను సూటిగా అడిగాడు. కాదు. పోషకం ఒంటరిగా సంచిలో ఉండదు. నత్రజనిని పట్టుకుని ఉండే ఉదజని, ప్రాణవాయువు లాంటివి ఆ మిగిలిన బరువు.

ఇప్పుడు ఒక ఎకరం వరి లెక్క వేసి చూద్దాం. సిఫారసు 48-24-16 అనుకోండి. ఇవి ఎకరానికి వేయాల్సిన పోషకాల కిలోలు. బస్తాల సంఖ్య ఎక్కడా లేదు. ముందు భాస్వరం నుంచి మొదలుపెట్టాలి. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు. అంటే ఒక్క బస్తాతో భాస్వరం దాదాపు సరిపోయింది. అదే బస్తాలో 9 కిలోల నత్రజని ఊరికే వచ్చింది. ఇంకా కావాల్సిన నత్రజని 39 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఇప్పటి బస్తా 45 కిలోలది కాబట్టి ఒక్కో బస్తాలో 20.7 కిలోలు. రెండు బస్తాలకు కొంచెం తక్కువ చాలు. పొటాష్ ఎరువులో 60 శాతం, 16 కిలోలకు 27 కిలోలు, అంటే అర బస్తా పైన రెండు కిలోలు. మొత్తం మీద ఒక డీఏపీ, రెండు యూరియా, అర బస్తా పొటాష్. ఈ నాలుగు లైన్ల లెక్క చీటీ మీద వేసుకుని దుకాణానికి వెళ్తే, "ఇంకో కాంప్లెక్స్ బస్తా వేస్తే గింజ బరువొస్తుంది" అనే మాట దగ్గర మీరు తడుముకోరు.

ఏది ఎప్పుడు అన్నదానికీ కారణం ఉంది. భాస్వరం నేలలో కదలదు, పడిన చోటే మట్టికి అతుక్కుపోతుంది. అందుకే దాన్ని మొత్తం ఆఖరి దమ్ములో, వేరు దగ్గరికి చేరేలా వేయాలి. పైపాటుగా డీఏపీ చల్లితే అది పైనే ఉండిపోతుంది. పైరు నల్లబడిందని, అంటే ముదురు పచ్చగా మారిందని రైతు సంతోషిస్తాడు, ఆ నలుపు డీఏపీలోని 18 శాతం నత్రజని తెచ్చినది. దానికి యూరియా సరిపోయేది, ఖర్చులో కొద్ది భాగంతో. నత్రజని ఇందుకు పూర్తిగా భిన్నం. నీళ్లతో పోతుంది, గాలిలోకి పోతుంది. అందుకే మూడు దఫాలు: దమ్ములో కొంత, పిలక దశలో కొంత, అంకురం దశలో, అంటే లోపల కంకి పుట్టేటప్పుడు, మిగిలింది. మోకాలిలోతు నీళ్లలో యూరియా చల్లితే సగం ఎవరి పాలవుతుందో చెప్పలేం. నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టమనేది అందుకే. యూరియాకు వేపపూత పూయడం 2015 నుంచి తప్పనిసరి చేయడంలో ఉద్దేశం కూడా ఇదే, కరిగిన నత్రజని మెల్లగా మారి పైరుకు ఎక్కువ రోజులు అందడం.

జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి చల్లకండి. భాస్వరం, జింకు కలిసి వేరు తీసుకోలేని రూపంలోకి మారతాయి. రెండింటికీ డబ్బు పెట్టి రెండూ పోగొట్టుకున్నట్టు.

మందు డబ్బా

డబ్బా మీద ఏటవాలుగా తిప్పిన చతురస్రం ఉంటుంది, దాని కింది సగం రంగు వేసి ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఊళ్లో చాలామంది నోట "ఎర్ర గుర్తు మందు పవర్‌ఫుల్, పచ్చ గుర్తుది పనిచేయదు" అనే మాట వింటాను. ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపార్థం. ఆ రంగు పురుగు గురించి కాదు, మీ గురించి. ప్రయోగశాలలో ఎలుకలకు మందు తినిపించి, సగం ఎలుకలు చావడానికి కిలో శరీర బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో కొలుస్తారు. 50 లోపే సరిపోతే ఎరుపు, పుర్రె గుర్తు. 500 వరకు పసుపు, 5,000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ మనిషికి ప్రమాదం పెరుగుతుంది. కాండం తొలిచే పురుగును బాగా అదుపు చేస్తూ మనిషికి తక్కువ ప్రమాదం ఉన్న మందులు వచ్చాయి. రంగు చూసి ఎర్రదాన్నే ఎంచుకుంటే కొనేది తలనొప్పి, వాంతులు, ఆస్పత్రి.

పేరు పక్కన ఉండే అక్షరాలు మందు ఏ రూపంలో ఉందో చెబుతాయి. ఈసీ అంటే నీళ్లలో కలిపితే పాలలా తెల్లగా మారే ద్రావణం. భూసార కార్డులోని ఈసీతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఎస్‌ఎల్ నీళ్లలో పూర్తిగా కరిగేది. ఎస్‌సీ చిక్కటి ద్రవంలో సన్న రేణువులు తేలుతూ ఉండేది, డబ్బాను బాగా కుదపాలి. డబ్ల్యూపీ నీళ్లలో కలిపే పొడి, డబ్ల్యూజీ నీళ్లలో కలిపే సన్న గుళికలు, జీఆర్ నేరుగా చల్లే గుళికలు.

అక్షరాల ముందున్న అంకె అసలు మందు శాతం. దీన్ని దగ్గరగా చూడండి. క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలు 0.4 జీఆర్ ఎకరానికి 4 కిలోలు వేస్తాం. ఆ నాలుగు కిలోల్లో మందు 16 గ్రాములే, మిగతాదంతా మోసుకెళ్లే సరుకు. అదే మందు 18.5 ఎస్‌సీ ఎకరానికి 60 మిల్లీలీటర్లు, అందులో మందు సుమారు 11, 12 గ్రాములు. సంచి పెద్దదా డబ్బా చిన్నదా అనే దానికి విలువ లేదు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్‌గానూ దొరుకుతుంది, 70 డబ్ల్యూజీగానూ దొరుకుతుంది. అలవాటైన కొలత మూతతో రెండూ ఒకేలా కలిపితే రెండోసారి నాలుగింతల మందు పడుతుంది.

లీటరుకు ఇంత అనే సిఫారసులో ఇంకో మెలిక ఉంది. "లీటరుకు 2 మిల్లీలీటర్లు" అంటే దాని వెనుక ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అనే లెక్క దాగి ఉంటుంది. అంటే ఎకరానికి 400 మిల్లీలీటర్లు. ఇరవై లీటర్ల ట్యాంకులు అయిదు కొట్టి ఎకరం ముగిస్తే పైరుకు అందింది సగమే. "మందు కల్తీ, పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే. ఇప్పుడు డ్రోన్ వచ్చింది. ఎకరానికి సుమారు 10 లీటర్ల నీళ్లతో తేల్చేస్తుంది. అక్కడ లీటరు లెక్క పట్టుకుంటే ఎకరానికి 20 మిల్లీలీటర్లే పడతాయి. కాబట్టి దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఎకరానికి ఎంత?"

పైన పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. కింద చిన్నగా ఉండే సాంకేతిక నామం మందు అసలు పేరు. పోయిన వారం ఒక పేరుతో, ఈ వారం ఇంకో పేరుతో కొని, రెండుసార్లూ ఒకే మందు కొట్టినవాళ్లు ఎందరో. ఇంకో అడుగు లోపలికి వెళ్తే, ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్, డైనోటెఫ్యూరాన్ పేర్లు వేరైనా ఒకే గుంపువి, పురుగు ఒంట్లో ఒకే చోట దెబ్బకొడతాయి. వీటినే ఒకదాని తర్వాత ఒకటి మార్చి కొడితే దోమ అన్నిటికీ కలిపి అలవాటు పడుతుంది. మార్చాల్సింది గుంపును.

పురుగు కనబడగానే కొట్టాలా? "ఆర్థిక నష్ట పరిమితి" అనే బరువైన మాటకు అర్థం తేలిక. పురుగు వల్ల పోయేది మందు ఖర్చును దాటబోయే దశకు ముందు గీసిన గీత. వరిలో సుడిదోమ దుబ్బుకు 10, 15 దాకా కనిపిస్తే ఆ గీత దాటినట్టు. దానికోసం గట్టు మీద నిలబడి చూస్తే కుదరదు. పొలంలోకి దిగి, దుబ్బు వంచి, నీళ్ల పైన కాండం మొదట్లో చూడాలి. దుబ్బుకు రెండో మూడో ఉన్నప్పుడు భయపడి కొడితే దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి. ఆ తర్వాత దోమకు అడ్డే ఉండదు.

"వేచి ఉండాల్సిన రోజులు" అని లేబుల్ మీద ఉంటే, చివరి పిచికారీకి కోతకు మధ్య అన్ని రోజుల ఎడం ఉండాలి. వంకాయ, టమాటా, మిర్చి రైతులు ఇది తప్పకుండా చూడాలి. తినేది పిల్లలు కూడా.

టీఎంసీ, క్యూసెక్కు

ప్రాజెక్టు వార్తల్లో రోజూ వినే ఈ రెండు మాటలు కలిపేసుకుంటుంటాం. టీఎంసీ నిల్వ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. క్యూసెక్కు ప్రవాహం, సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ టీఎంసీని దాదాపు 23 వేల ఎకరాల మీద పరిస్తే అడుగు ఎత్తు నిలబడుతుంది. దారిలో కాలువల్లో ఇంకేది పక్కన పెట్టి చెబుతున్న లెక్క ఇది. మీ పొలంలో వాన లెక్క ఇంకా సులువు: ఒక మిల్లీమీటరు వాన పడితే ఎకరానికి సుమారు నాలుగు వేల లీటర్లు పడ్డట్టు.

కాంటా దగ్గర

ధాన్యం కొనుగోలులో "ఏ గ్రేడ్" అంటే మేలురకం సరుకు అనుకుని, "నా వడ్లు ఇంత శుభ్రంగా ఉంటే సాధారణం అంటారా" అని బాధపడే రైతులున్నారు. ఈ గ్రేడు శుభ్రతకు ఇచ్చేది కాదు. బియ్యపు గింజ పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5, ఆపైన వస్తే ఏ గ్రేడు, అంతకంటే తక్కువైతే సాధారణం. మీరు వేసిన రకంతోనే అది నిర్ణయమైపోయింది. శుభ్రతను చూసేది వేరే: తాలు, చెత్త, రంగు మారిన గింజలు, తేమ.

తేమ గరిష్ఠంగా 17 శాతం ఉండొచ్చు. 20 శాతం తేమతో తెచ్చారనుకోండి. వంద కిలోల్లో 20 కిలోలు నీళ్లు, 80 కిలోలు అసలు గింజ. ఆరబెట్టినా ఆ 80 తగ్గదు. 17 శాతానికి వచ్చేసరికి ఆ 80 కిలోలు మొత్తంలో 83 శాతం అవుతాయి, అంటే మొత్తం బరువు 96.4 కిలోలు. నిజంగా పోయే నీళ్లు క్వింటాలుకు 3.6 కిలోలు. మీ దగ్గర తేమ పేరు మీద అంతకు మించి తరుగు తీస్తుంటే అది తేమ లెక్క కాదని నిలబడి అడగొచ్చు. పత్తిలో 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర, 12 శాతం దాకా ధర తగ్గిస్తూ కొంటారు, ఆపైన కొనరు. అందుకే మంచు ఆరకముందు తీసిన పత్తిని నేరుగా బోరెంలో కుక్కకూడదు.

చివరగా మద్దతు ధర. "ఖర్చుకు ఒకటిన్నర రెట్లు" అని ఒకరంటారు, "స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఇవ్వడం లేదు" అని ఇంకొకరంటారు. ఈ తగాదా అంతా "ఖర్చు" అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. విత్తనం, ఎరువు, మందు, కూలీ, డీజిల్, చెల్లించిన కౌలు లాంటి చేతి నుంచి పోయిన డబ్బును ఏ2 అంటారు. దానికి ఇంటిల్లిపాది చేసిన శ్రమ విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి కట్టే కౌలు విలువ, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2. 2025-26 వానాకాలం వరికి ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ క్వింటాలుకు 1,579 రూపాయలుగా లెక్కగట్టారు. దాని మీద సగం కలిపితే సాధారణ రకానికి ప్రకటించిన 2,369 వస్తుంది. రైతు సంఘాలు అడుగుతున్నది సీ2 మీద సగం. ఇంకో సంగతి, ఈ ఖర్చు దేశంలోని వరి పండించే రాష్ట్రాలన్నీ కలిపి తీసిన సగటు. మూడెకరాలు కౌలుకు తీసుకుని, పంట పండినా పండకపోయినా ఎకరానికి ఇన్ని బస్తాలు కొలవాల్సిన రైతు సొంత ఖర్చు ఆ 1,579కి చాలా పైన ఉండొచ్చు. ఆయన మాత్రం ఈ సీజన్ బిల్లులన్నీ ఒక సంచిలో దాచి, పండిన క్వింటాళ్లతో భాగించి తన ఏ2 తాను రాసుకోవాలి. వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.